ఆగుకుంట నడిచే నడక

పిక్క పట్టేసేదాక నడువాలె. పట్టేసినంక నిలబడాలె. వదిలినంక మళ్ల నడువాలె. సంగతి ఇంతే. కానీ ఈ ఇంత సంగతి మామకు చెప్పాలంటే మల్లీశ్వరికి సంకల పిల్ల ఉండాలె. మామ ముందర కోడలు నోరు విప్పద్దనేది ఆ కురుమోళ్ల ఇంటి పద్ధతి. అందుకని పొద్దుగాల వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, బుడ్డిని సంకనేసుకొని బజార్ల పడితే ఆమె మాటలన్నీ బుడ్డితోనే. బుడ్డికి ఇంకా మాటలు రావు. ఉన్నయి నాలుగు పాలపండ్లు, కారేటంత సొల్లు. అయినా ఆ ఇంట్ల పెద్ద పెద్ద ముచ్చట్లన్నీ ఆ పిల్ల మీదుగనే ఆ దరికి చేరుతయి.

"బుడ్డీ, తాతను ఇగ జర నిలబడమను. చెయ్యి పిక్క మీదికి పోతాంది చూడు."

ముందర పోతున్న బీరప్ప నిలబడ్డడు. కట్టె నేలకు ఆన్చి, కరెంటు స్తంభం దిక్కు తలెత్తి చూసిండు. నిలబడ్డప్పుడల్ల ఆయనకొక పని కావాలె. ఒకసారి మబ్బు చూస్తడు, ఒకసారి ఎవరింటి గోడకో పడ్డ పగులు చూస్తడు, ఏదీ దొరకకుంటే వంగి చెప్పు దులుపుతడు. ఊరికే నిలబడ్డడని ఎవరూ అనద్దు. బతుకంత గొర్ల ఎనుక తిరిగిన మనిషి, బజారు నడుమ పిక్క పట్టుకొని నిలబడుడు ఆయనకు బట్టలిడిసి నిలబడ్డట్టే ఉంటది.

నల్లా కాడ బిందెలు పెట్టుకొని కూసున్న ఆడోళ్లకు ఈ ఇద్దరు రోజూ వచ్చే పండుగ. అందుల ఒకామె మల్లీశ్వరిని ఆపి, మామను ఏ బీడుకు తోలుకపోతున్నవే అని అడిగింది. ఇంకొకామె, పొద్దూకి ఇంటికి తోలుకొచ్చినంక ఉన్ని గూడ కత్తిరిస్తవా అన్నది. మల్లీశ్వరి కొంగు ముఖం మీదికి లాక్కున్నది. బీరప్ప మాత్రం స్తంభం మీది నుంచి చూపు తియ్యకుండ, తన బోడిగుండు ఒకసారి తడుముకొని, "ఈ ఏడు ఉన్ని సక్కగ రాలేదమ్మా, మీ దాక అందది" అన్నడు. బిందెలు ఒకదానికొకటి తగిలేటట్టు నవ్విండ్రు వాళ్లు.

పిక్క వదిలింది. కట్టె లేచింది. మళ్ల నడక.

దసరా పోయినంక మొదలుపెట్టిన నడక ఇది. అప్పుడు రేషన్ దుకాణం దాక పోంగనే నిలబడేటోడు. ఇప్పుడు బడి గోడ దాటి, తుమ్మలబాయి మలుపు కాడ గాని ఆయన చెయ్యి కిందికి పోతలేదు. ఈ సంగతి ఊర్ల ఎవరికీ పట్టలే. ఆయన నిలబడుడే అందరికి కనబడ్తది. ఎంత దూరం పోయి నిలబడ్డడో ఎనుక నడిచే కోడలికే ఎరుక.

ఇంటికి రాంగనే బీరప్ప దర్వాజ కమ్మి పట్టుకొని మడిమెలు లేపుకుంట, దించుకుంట నిలబడ్డడు. ఇది గూడ దవాఖానల చెప్పిన లెక్కల్నే ఉన్నది. బుడ్డి కింద మంచంకోడు పట్టుకొని తాతను చూసి లేసుడు, కూలబడుడు. ఇద్దరిట్ల ఎవరు ముందు అలిసిపోతరో అని మల్లీశ్వరి రోజూ చూస్తది. తాతే గెలుస్తడు, పిల్లకు మధ్యల చీమలు కనబడ్తయి.

అత్త సుక్కమ్మకు ఈ కథంత కంటికి ఆనదు. పొయ్యి మీద ఉప్పు వేడి చేసి, గుడ్డల మూట గట్టి తెచ్చింది. మొగని పిక్కకు కాపడం పెడ్తదట. మల్లీశ్వరి ఉరికొచ్చి ఆ మూట చేతులకెళ్లి గుంజుకున్నది. షుగరున్న కాళ్లకు వేడి తెల్వది అత్తమ్మా, తోలు కాలినా ఆయనకు తెల్వది, పుండైతే మానది, సబ్‌సెంటర్ సిస్టరమ్మ నూరుమాట్ల చెప్పింది గద అన్నది. సుక్కమ్మ మూటనిడిసి నడుము మీద చేతులు పెట్టింది. తన పుట్టింట్ల, అత్తింట్ల కలిపి ఎన్ని గొర్ల కాళ్లు చూసిందో ఆమెకే లెక్క లేదు. కుంటే గొర్రెను దొడ్ల కట్టేసి ఆకు కోసి ఏస్తరు గనీ బీడుకు తోలుతరా? వానకాలమంత తను అట్లనే చూసుకున్నది మొగన్ని. మంచం దిగనియ్యలే. మంచం కాడికే బువ్వ, మంచం కాడికే నీళ్లు. అట్ల పండుకోబెట్టినంక నొప్పి తగ్గింది గూడ. నడువని కాలు నొయ్యదు గద. మంచం దిగిన నాడు మాత్రం వాకిలి దాటంగనే పట్టేసింది.

"నువ్వు తొమ్మిది చదివినవు, నేను గొర్లను చదివిన" అన్నది సుక్కమ్మ. అని, కాపడం మూట తన మోకాలి మీదనే పెట్టుకొని కూసున్నది. వేడి చేసిన ఉప్పు వృథా చేసే మనిషి కాదు.

ఆ పగటీలి మల్లప్ప వచ్చిండు. బీరప్పకు పాలి అన్న. వాళ్ల నాలుగిండ్ల గొర్లు ఒక్క మందగ కట్టి ఏటా సాగర్ కాల్వల దిక్కు తోలుకపోయేది ఆయన పెద్దరికంలనే. అక్కడ వరి కోసినంక రైతులు మళ్లల్ల మంద పెట్టించుకుంటరు. రాత్రంత గొర్లు పండుకున్న మడికి వేరే ఎరువు అక్కరలేదు. ఇక్కడ కోస్గి దాపు బీళ్లు ఎండిపోయే కాలానికి అక్కడ మేత ఉంటది. పోను పక్షం పైన నడక.

మల్లప్ప గొంగడి దులిపి గద్దె మీద కూసుండి, బీడీ ముట్టించి, వచ్చిన పని చెప్పిండు. ఎల్లుండి పొద్దుగాల మంద కదులుతది. ఈ ఇంటి గొర్ల ఎనుక బీరప్ప కొడుకు పరశురాములు వస్తడు, వంటకు మల్లీశ్వరి వస్తది. సుక్కమ్మ ఇంటికాడ బర్రెను చూసుకుంటది. బీరప్ప పేరు ఆయన నోట రాలే.

మంచం మీద కూసున్న బీరప్ప, "నేను?" అన్నడు.

"నువ్వేంది తమ్మీ. కాలు సక్కగ లేని గొర్రెనన్న మందల తోలుకపోతమా? తొవ్వల కూలబడితే అందరం ఆగాలె. మంద ఒక్కసారి చెదిరిందంటే నీకు తెల్వనిదా."

పరశురాములు తల వంచుకొని గొర్రెపిల్లకు తాడు పేనుతున్నడు. నాయిన వస్తే బాగుండునని ఉంది, వస్తే ఏమైతదోనని బుగులు ఉంది. రెండిట్ల ఏది గట్టిదో తేలక తాడే గట్టిగ పేనిండు. బీరప్ప మీసం ఒకదిక్కు పడింది. మీసాలు రాకముందు నుంచి ఆ తొవ్వల నడిచినోడు. ఏ వాగుల చెలిమె తీస్తే తీపి నీళ్లు పడ్తయో, ఏ ఊరి కుక్కలు చెడ్డయో పండుకొని గూడ చెప్పగలడు.

మల్లీశ్వరి దర్వాజ ఎనుక పిండి చేతులతో నిలబడి ఇన్నది. పిల్లను చేతుల పిండితోనే ఎత్తుకొని ముందరికొచ్చి, గోడ దిక్కు తిరిగి నిలబడ్డది.

"బుడ్డీ, పెద్దతాతకు చెప్పు. మీ తాత ఇప్పుడు తుమ్మలబాయి దాక పోతుండు. వానకాలం వాకిలి గూడ దాటలే. ఇట్ల నడిస్తేనే కాళ్లల్ల నెత్తురు తొవ్వ చేసుకుంటదని దవాఖానల చెప్పిండ్రు."

మల్లప్ప పిల్ల దిక్కే చూసి, పిల్లకే జవాబిచ్చిండు. "పోవుడు సరే బుడ్డీ. ఎన్ని తాన్ల నిలబడ్డడో గది అడుగు మీ అమ్మను." బుడ్డి ఆయన బీడీ దిక్కు చెయ్యి చాపింది. మల్లప్ప చెయ్యి ఎనుకకు తీసుకొని లేచిండు. రేపు పొద్దుగాల రోడ్డు మీది కల్వర్టు కాడికి రమ్మన్నడు బీరప్పను. అక్కడి నుంచి కోళ్లఫారం దాక తనతోటి నిలబడకుండ నడిస్తే, ఎల్లుండి మందతోటి కదలొచ్చు. అంతకు మించి మాట లేదు.

తెల్లారి కల్వర్టు కాడ మగోళ్లు జమయిండ్రు. మల్లీశ్వరి మగోళ్ల నడుమకు పోవద్దు గనుక, పాలు పోసే సాకు పెట్టుకొని మలుపు కాడి వేపచెట్టు కింద నిలబడ్డది. చలికి బుడ్డి ముక్కు ఎర్రగైంది.

అన్నదమ్ములిద్దరు కదిలిండ్రు. మల్లప్ప పొడుగు మనిషి, అడుగు పెద్దది. బీరప్ప ఆ అడుగుకు అడుగేసిండు. రోజూ నడిచే నడక కాదది. రోజూ అయితే మెల్లగ మొదలుపెట్టి, పిక్కతోటి మాట్లాడుకుంట పోయేటోడు. ఇయ్యాల ఎవరో తరిమినట్టే పోతున్నడు. మల్లీశ్వరి లోపల్లోపల బుడ్డికి చెప్తున్నది, తాతను జర మెల్లగ పొమ్మను, మెల్లగ పొమ్మను. బుడ్డి వేలు నోట్లె పెట్టుకొని చూస్తాంది.

సగం దూరం దాటినంక బీరప్ప కట్టె బరువుగ పడుతున్నది. ఇంకొంచెం పోయిండు. ఎడమకాలు ఈడుస్తున్నడు. పండ్లు బిగబట్టి ఆ మిగిలింది గూడ నడవొచ్చు, నడిస్తే గెలుస్తడు. మగోళ్లంత అదే చూస్తున్నరు. బీరప్ప నిలబడ్డడు. కరెంటు స్తంభం లేదు, గోడ లేదు, మబ్బు లేదు. చూసేటందుకు ఏమీ లేని ఉత్త రోడ్డు మీద నిలబడ్డడు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే.

ముందర పోతున్న మల్లప్ప గూడ కొంత దూరం పోయి నిలిచిండు. తిరిగి చూడలే. అటు తిరిగే అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించుకొని, అది సగమయ్యేదాక పీల్చి, అప్పుడు ఎనుకకు తిరిగి చెయ్యి అడ్డంగ ఊపిండు. అయిపోయింది అన్నట్టు. మగోళ్లు ఎవరి దొడ్లకు వాళ్లు పోయిండ్రు. నవ్వలేదు ఎవరూ. నవ్వితేనే బాగుండునని అనిపించింది మల్లీశ్వరికి.

ఇంటికొచ్చిన బీరప్ప మడిమెలు లేపలే. మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. బుడ్డి పోయి మంచంకోడు పట్టుకొని లేసి, కూలబడి, లేసి, తాత దిక్కు చూసింది. తాత తిరగలే. సుక్కమ్మ ఒక్కతీరుగ మొగని ముఖం దిక్కు చూసింది, కోడలి ముఖం దిక్కు చూసింది, చాట చేతుల పట్టుకొని బియ్యంల రాళ్లు లేకున్నా ఏరుకుంట కూసున్నది.

మల్లీశ్వరి పిల్లను ఎత్తుకొని సబ్‌సెంటర్‌కు పోయింది. పుష్ప సిస్టరమ్మ మాత్రలు పంచుతున్నది. బీరప్ప పాదం మీద వేలు పెట్టి నాడి సన్నగ కొట్టుకుంటున్నదని మొట్టమొదలు పట్టుకున్నది ఆమెనే. పెద్ద దవాఖానకు పంపి, డాక్టరుతోటి చూపించి, నడక సంగతి రాయించింది గూడ ఆమెనే. మల్లీశ్వరి బెంచీ మీద కూసుండి జరిగిందంత చెప్పింది. చెప్పుకుంట చెప్పుకుంట కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేనే ఊరందరి ముందర తలవంపులు తెచ్చిన సిస్టరమ్మా, మంచాన పడి ఉన్నోన్ని బజార్ల తిప్పి ఆఖరికి గింత చేసిన అన్నది.

పుష్ప మాత్రల డబ్బా మూత పెట్టి, మెల్లగ అడిగింది. "నొప్పి రాంగనే నిలబడ్డడా, పండ్లు బిగబట్టి పోయిండా?"

"నిలబడ్డడు."

"ఇంకేంది మరి. నిలబడుడే మందు. పోయి ఆగి, పోయి ఆగి అంటేనే పాత నాళాల పక్కపొంటి చిన్న చిన్నయి తెరుచుకుంటయి. బిగబట్టి గెలిచి ఉంటే నాకు ఫికరయ్యేది. అంత మందిల నిలబడ్డడంటే మీ మామ మంచిగ నేర్చుకున్నడు."

మల్లీశ్వరి ముక్కు తుడుచుకున్నది. మరి మందతోటి పోతే అని మొదలుపెట్టి, ఇగ పోయేది లేదు గద అని ఆపింది. అయినా అడుగుతున్న అన్నది. పుష్ప చెప్పింది: ఆయన పద్ధతిల ఆయన నడిస్తే నడవొచ్చు. మెత్తటి చెప్పులు ఇడువద్దు, వాగు దాటేటప్పుడు గూడ. మాత్ర వేసుకొని తినకుండ ఉండద్దు, కండ్లు తిరిగితే చక్కెర నోట్లె వేసుకోవాలె. బీడీ ముట్టద్దు. పొద్దూకంగనే పాదాల అడుగు చూడాలె, ముల్లు గుచ్చినా ఆయనకు తెల్వకపోవచ్చు. పుండు గని కనబడితే, కాలు చల్లబడి రంగు మారితే, పండుకున్నప్పుడు గూడ నొస్తే అక్కడ ఏ దవాఖాన దాపుంటే ఆ దవాఖానకే, ఒక్క పూట ఆగద్దు. మల్లీశ్వరి అన్నీ తలల పెట్టుకున్నది. ఎందుకు పెట్టుకుంటున్నదో తెల్వకుండనే పెట్టుకున్నది.

మంద కదిలే రోజు పొద్దుగాల ఊరంత గొర్ల అరుపు. నాలుగిండ్ల దొడ్లు ఒక్కసారే తెరిచిండ్రు. పొట్టేళ్ల మెడల గంటలు, కుక్కల ఉరుకులాట, దుమ్ము. ఆటోల వంటపాత్రలు, జొన్నపిండి డబ్బా, గొంగళ్ల మూటలు ఎక్కించిండ్రు. మొన్న మొన్న పుట్టిన గొర్రెపిల్లలను గంపల కూసోబెట్టి, ఆ గంప బుడ్డి పక్కకు పెట్టిండ్రు. బుడ్డికి ఇంత సంబురం ఎన్నడూ కాలే. గొర్రెపిల్ల చెవి పట్టుకొని గుంజుతాంది, పిల్ల అరుస్తాంది, బుడ్డి గూడ దాని లెక్కనే అరుస్తాంది.

బీరప్ప గడప దిగిండు. పొలిమేర దాక సాగనంపి వస్త అన్నడు సుక్కమ్మతోటి. పెద్దోళ్లు సాగనంపుడు రివాజే గనుక ఎవరూ ఏమనలే. కాళ్లకు మెత్తటి చెప్పులున్నయి, చేతుల కట్టె ఉన్నది. మల్లీశ్వరి ఆటోలకెళ్లి చూసింది. ముఖం తేటగ లేదు, అట్లని నిన్నటి ముఖం గూడ కాదు. బుడ్డీ, తాతకు పోయొస్తమని చెప్పు అన్నది. బుడ్డి గొర్రెపిల్ల చెవి ఇడువలే. ఆటో కదిలింది.

మొదటి మజిలీ హనుమమ్మ అనే రైతు చేన్ల. పత్తి ఏరుడైపోయి కట్టెలు నిలబడ్డ ఎకరాలు. హనుమమ్మ కొంగు నడుముకు చుట్టి, మంద ఏ మూల పండాలె, బోరు నీళ్లు ఎక్కడ పట్టుకోవాలె అన్నీ చూపించి పోయింది. మల్లీశ్వరి మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసింది. బుడ్డిని గొంగడి మీద కూసోబెట్టి మూటలు విప్పవట్టింది.

రెండో మూటల మామ గొంగడి ఉన్నది. తప్పి వచ్చిందేమో అనుకున్నది. దాని మడతల్ల మామ మాత్రల డబ్బా ఉన్నది. దాని పక్కన, అత్తమ్మ బొట్టు పెట్టుకునే చేతి అద్దం.

మాత్రలు ఇక్కడుంటే అక్కడ మామకు? పొలిమేర కాడి నుంచి ఇంటికి పోయిండా? తొవ్వల పడ్డడా? లారీలు తిరిగే రోడ్డది. ఫోన్ తీసింది, పరశురాములుకు చేస్తే అందుబాటుల లేదని వచ్చింది. అత్తమ్మకు చేసింది. సుక్కమ్మ గొంతు ఏం తొందర లేనట్టుంది.

మామ ఇంటికి రాలేదట. వస్తడని తను ఎదురుచూస్తలేదట. పగటి మాత్ర, రెండు రొట్టెలు, ఇంత చక్కెర ఆయన పంచె కొంగుకే కట్టిందట. మల్లీశ్వరికి ముందు అర్థం కాలే. అర్థమైనంక మామ గొంగడి ఒళ్లెకు తీసుకున్నది.

"అత్తమ్మా, మరి కుంటే గొర్రెను తోలద్దంటివి?"

"కుంటే గొర్రె మంచం మీద గోడ దిక్కు తిరిగి ఏడుస్తదా పిల్లా? నేను చూసిన గొర్లల్ల ఏదీ ఏడవలే" అన్నది సుక్కమ్మ. "రొట్టెలు రెండు ఎక్కువ చెయ్యి. అద్దంల పాదాలు చూపియ్యి, మరిచిపోకు."

ఫోన్ పెట్టేసినంక గూడ మల్లీశ్వరికి నిలకడ లేదు. ఒక రొట్టె తట్టుడు, లేచి తొవ్వ దిక్కు చూసుడు. ఒకటి మాడింది, ఒకటి చేతులనే విరిగింది. బుడ్డి విరిగిన ముక్క తీసుకొని గంపల గొర్రెపిల్లకు తినిపించ చూసింది.

పొద్దు పత్తికట్టెల మీదికి వాలేటప్పటికి గంటలు ఇనొచ్చినయి. తొవ్వ మలుపు కాడ దుమ్ము లేచింది. ముందర కుక్క, దాని ఎనుక పెద్ద పొట్టేలు, ఆ పొట్టేలు పక్కన, కట్టె భుజాల మీద అడ్డం పెట్టుకొని రెండు చేతులు దాని మీద ఏసుకొని, బీరప్ప. బోడిగుండు మీద దుమ్ము పేరుకొని ఉన్ని మొలిచినట్టే ఉన్నది.

మల్లీశ్వరి పొయ్యి కాడి నుంచి లేచింది. కొంగు సర్దుకునుడు మరిచింది.

పరశురాములు చెంబెడు నీళ్లు తాగి, పక్కకొచ్చి కూసుండి మెల్లగ చెప్పిండు. పొలిమేర కాడ నాయిన తిరగలే. ఆ తుమ్మ దాక వస్త అన్నడు. తుమ్మ కాడ మంద ఆగింది, నాయిన ఆగిండు. ఆడికెళ్లి ఆ బండ దాక అన్నడు. బండ కాడ కందిచేను కోసి ఉన్నది, గొర్లు తల వంచినయంటే ఎత్తలే, నాయిన బండ మీద కూసుండి పిక్క రుద్దుకున్నడు. గొర్లు కదిలేటప్పటికి ఈయన గూడ కదిలిండు. "రోడ్డు మీద అయితే మనిషి ఆగుడు కనబడ్తది. మందల ఎవరు ఆగిండ్రు, ఎవరు మేపుతుండ్రు, ఎట్ల తెలుస్తది? ఒక్క తాన నాయిన నొప్పి తగ్గినంక గూడ ఆగాల్సొచ్చింది, ఈనిన గొర్రె కదులదాయె" అన్నడు. చెప్పుకుంట చెప్పుకుంట నవ్విండు. పెండ్లైనంక మొగని ముఖంల అంత పిల్లతనం మల్లీశ్వరి చూసింది అదే.

మరి పెద్దమామ ఏమనలేదా అని అడిగింది. ఏమన్నడు, పొలిమేర దాటినంక ఒక్కసారి పొమ్మన్నడు. ఆ తర్వాత నాయిన నిలబడ్డ కాడల్ల తను గూడ నిలబడుడు. నీ పాణం మీద తీపితోటి ఆగుతున్న, లేకుంటే ఈ పాటికి చేన్ల ఉందును అని గొణుగుకుంట.

వెలుగు ఉండంగనే పరశురాములు తండ్రి పాదాలు కడిగి తుడిచి, అద్దం అడుగున పెట్టి చూసిండు. మల్లీశ్వరి పిల్లను ఎత్తుకొని దూరం నుంచి, వేళ్ల సందులు చూసినవా, మడిమె చూసినవా అని మొగన్ని అడిగింది. ఎక్కడా గీరుడు లేదు. బీరప్ప అద్దంల తన పాదం అడుగు చూసుకొని, ఇన్నేండ్లు మోసినోన్ని ఇప్పుడు చూస్తున్న అన్నడు. మాత్ర వేసుకొని, మాడిన రొట్టె తనే ఏరి తీసుకొని తిన్నడు. అది మంచిగ కరకరలాడుతాందట.

మల్లప్ప తినుడు అయినంక దూరంగ గట్టు మీద కూసున్నడు. ఒక కాలు చాపి, ఒక కాలు ముడిచి. కొంతసేపటికి లేచి, పొయ్యి దిక్కు వచ్చి, ఇంకొంచెం ఇవతలికి వచ్చి, బుడ్డి ముందర గొంతుక్కూసున్నడు. పరశురాములు గొర్ల చుట్టు వల కడుతున్నడు. బీరప్ప గొంగడి కప్పుకొని గురక తీస్తున్నడు.

మల్లప్ప బుడ్డి చేతికి ఒక పత్తికాయ ఇచ్చిండు. ఇచ్చి, పిల్ల చెవికి దగ్గరగ, కాని పొయ్యి దాక ఇనబడేటట్టు అన్నడు.

"బుడ్డీ, మీ అమ్మను అడుగు. పిక్క పట్టేస్తే ఎంతసేపు నిలబడాలె?"

రొట్టెల పెనం దించుతున్న మల్లీశ్వరి చెయ్యి ఆగింది. ముఖం తిప్పలే. కల్వర్టు కాడ అటు తిరిగి, తమ్ముని దిక్కు చూడకుండ బీడీ సగమయ్యేదాక పీల్చిన మనిషి వీపు ఆమె కండ్ల ముందర నిలిచింది. నవ్వు వచ్చింది. ఆ ఎనుకనే, పాపం అనిపించింది. నిలబడేటందుకు ఆయనకు గూడ ఒక పని కావలసి వచ్చింది.

"బుడ్డీ, పెద్దతాతను అడుగు. ఎప్పటి సంది పడుతుంది, ఏ కాలు?"

"రెండు కాళ్లు. పోయిన ఏటి సంది" అన్నడు మల్లప్ప పత్తికాయ దిక్కు చూసి. "మంద పెద్దను, ఎవరికి చెప్పాలె. చెప్తే నన్ను గూడ దొడ్ల కట్టేస్తుండ్రి."

"పెద్దతాతకు చెప్పు బుడ్డీ. నొప్పి పూర్తిగ పోయేదాక నిలబడాలె, జర తగ్గంగనే ఉరకద్దు. ఇగ రేపు మందను మీ తాతకు, తక్కిన ఇండ్లోళ్లకు ఒప్పజెప్పి మీ నాయినతోటి పాలమూరు దవాఖానకు పోవాలె. నెత్తురు పరీక్ష చేయించాలె, పాదాల నాడి చూపించాలె. షుగరో కాదో తెల్వకుండ నడక ఒక్కటే సరిపోదని చెప్పు. ఇంకొకటి." ఆమె కొంచెం ఆగింది. మామ వరుస మనిషికి, అందుల మంద పెద్దకు, చెప్పవచ్చో చెప్పరాదో చూసుకున్నది. "ఆ జేబుల బీడీ కట్ట పొయ్యిల పడెయ్యమను."

మల్లప్ప జేబుల చెయ్యి పెట్టిండు, తీసిండు, మళ్ల పెట్టిండు. కట్ట తీసి పొయ్యిల పడేసి, మండేది చూడలేక లేచి పోయిండు. పోయేటప్పుడు, పిల్ల మస్తు తెలివైంది అన్నడు. ఏ పిల్ల అని చెప్పలే.

తెల్లారి మంద కదిలింది. దవాఖాన బస్సు పెద్ద రోడ్డు మీద ఎక్కాలె, అందుకని మల్లప్ప గూడ అంత దాక మందతోటే నడిచిండు. ఆటో మెల్లగ ఎనుక వస్తున్నది. మల్లీశ్వరి ముందటి దుమ్ముల రెండు తలలు చూస్తున్నది, ఒకటి రుమాలు కట్టింది, ఒకటి బోడిది. ఇద్దరు పక్కపక్కన పోతున్నరు.

గట్టు దిగి, రాళ్లు తేలిన ఎర్రటి దిబ్బ మీదికి మంద వచ్చింది. గడ్డి పోచ లేదు, ఆకు లేదు, ఎండిన ముల్లు గూడ లేదు. అక్కడ మల్లప్ప కట్టె పైకెత్తి, నాలుగిండ్ల మందకు ఇనబడేటట్టు గొంతెత్తిండు.

"ఆపుండ్రి మందను. ఇక్కడ మేత మంచిగున్నది."

పరశురాములు నేల దిక్కు చూసిండు, పెద్దనాయిన దిక్కు చూసిండు. గొర్లు రాళ్లను వాసన చూసి తలలెత్తినయి. బీరప్ప అన్న పక్కకు పోయి కట్టె నేలకు ఆన్చి, దిబ్బంత ఒకసారి కలియజూసిండు.

"అవునన్నా," అన్నడు. "ఇంత మంచి మేత నేనెన్నడు చూడలే."

ఆటోల కూసున్న మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అయినా నవ్వు ఆగలే. బుడ్డి తల్లి ముఖం దిక్కు చూసి, ఎందుకో తెల్వకున్నా, ఉన్న నాలుగు పండ్లు బయటపెట్టి నవ్వింది. ముందర దిబ్బ మీద అన్నదమ్ములిద్దరు, ఎవరి పిక్క ముందు వదులుతదో అన్నట్టు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంట నిలబడ్డరు.